తెర బయట పడిన సున్నా

నర్సింగ్ పరీక్షల అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల నర్సింగ్ ప్రాక్టికల్‌లో నాకు వచ్చిన సున్నాను రద్దుచేసి, పరీక్ష మళ్ళీ పెట్టించుట గురించి.

1. నేను నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పిల్లల వార్డులో నన్ను మీసాల సిస్టర్ అంటారు. అభ్యంతరం లేదు.

2. ముందు పిల్లల భయం పోగొట్టాలని మాకు నేర్పారు. కనుక మా వార్డులో మొదట వాళ్ళు నాకు కట్టు కడతారు, తరువాత నేను వాళ్ళకు కడతాను. పరీక్షనాడు రెండు చేతులకూ, ఒక చెవికీ కట్లతో హాజరైన మాట నిజమే. "నువ్వు నర్సువా, పేషెంటువా?" అని పరీక్షకురాలు అడిగారు. అందుకు మార్కులు కోసినా నోరెత్తను.

3. అసలు గొడవ ఇది. నాకిచ్చిన కేసు పద్నాలుగేళ్ళ అబ్బాయి. మూతిమీద నూగు మీసం, కూర్చునే చోట గడ్డ. గడ్డ కోసిన గాయానికి కట్టు మార్చాలి. మంచం చుట్టూ వాళ్ళమ్మ, పిన్ని, నా తోటి విద్యార్థులు, కలం పట్టుకుని పరీక్షకురాలు. పిల్లవాడు దుప్పటి బిగించి పట్టుకుని, "అన్నా, వీళ్ళంతా ఉంటే చచ్చినా విప్పను" అన్నాడు. "కని పెంచినదాన్ని, నా దగ్గర సిగ్గేంట్రా!" అంటూ వాళ్ళమ్మ దుప్పటి లాగబోయింది.

4. ఎదిగే పిల్లల మానమర్యాదలు కాపాడవలెనని మాకు పాఠం చెప్పినది సదరు పరీక్షకురాలే. కనుక అందరినీ బయటికి పంపి తెర లాగాను. ఆవిడ మాత్రం కదలలేదు. "మేడమ్, తమరు కూడా" అన్నాను. వెళ్ళారు. కట్టు శుభ్రంగా మార్చాను, పిల్లవాడు కిక్కురుమనలేదు. నేను తెర తీసేసరికి సున్నా సిద్ధంగా ఉంది. "చూడనిదానికి మార్కులెలా వెయ్యను?" అన్నారు.

5. అయ్యా, ఆవిడ అన్నదీ సబబే, అదే నా ఖర్మ. కానీ ఈ సున్నాతో నాకు ఏడాది పోతుంది. "మగపిల్లాడికి ఇదేం చదువురా" అని మా నాన్న మొదటినుంచీ కాచుకుని ఉన్నాడు. తప్పానని తెలిస్తే నన్ను తన వెల్డింగ్ షాపులో కూర్చోబెట్టడం ఖాయం. నాకేమో ఈ వార్డంటే ప్రాణం.

కావున, తెర లోపలికి రావడానికి పిల్లవాడు ఒప్పుకునే పరీక్షకులెవరినైనా పంపి, నన్ను మరొక్కసారి పరీక్షించవలెనన్న ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మీసాల సిస్టర్

తా.క.: ఇది పంపేముందు ఆ పిల్లవాడికి చదివి వినిపించాను. వాడు ఏడ్చినంత పని చేశాడు. "గడ్డ ఎక్కడో ఆఫీసంతా చదువుతారు కదన్నా! మోకాలని మార్చు" అన్నాడు. నిజమే, ఈసారి దుప్పటి లాగింది నేనే. కొట్టివేతలుంటే అర్జీ తీసుకోరట, తిరగరాద్దామంటే గడువు ఈరోజే. అందుచేత మూడో పేరాలో తమరు దయచేసి మోకాలు అని చదువుకోగలరు. మోకాలికి తెరెందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. సున్నా ఉంటే ఉండనివ్వండి. మోకాలే.