మొదటి అధ్యాయం, అసలు చివరిది

అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గిందని రాస్తే నమ్మను, కాబట్టి ఉన్నదున్నట్టు రాయి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో అయితే నేను రెండో మాట అనేలోపే నువ్వు తీర్పు చెప్పేస్తావు. నాకిప్పుడు తీర్పు వద్దు. నా గోడు చివరిదాకా వినే మనిషి కావాలి.

నా కంప్యూటర్ చివరి రోజుల్లో ఉంది. పొద్దున్నే మీట నొక్కి, పాలు కాచి, బట్టలు ఆరేసి వచ్చినా తెర మీద ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంటుంది. నేను ఒక్కో అక్షరం కొడుతుంటే అది తీరిగ్గా ఆలోచించుకుని ఆరేడు అక్షరాలు ఒకేసారి కక్కుతుంది. కొత్తది కొనాలన్న విషయంలో ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎప్పుడు కొనాలన్న దగ్గరే బండి ఆగింది.

నీ మరిది సంగతి నీకు తెలియనిదేముంది. నీళ్ల పంపుల కంపెనీలో ఇంజినీరు కదా, కొత్త పంపు ఏదొచ్చినా ముందు ఇంకెవరో వాడి ఏడ్చాకగాని ఆయన సంతకం పెట్టరు. ఇంట్లోనూ అదే పద్ధతి. గోడకి ఒక పెద్ద చార్టు అంటించారు. అందులో ఇప్పుడున్న మోడల్, దాని తర్వాతది, ఇంకా పుట్టనిది, మూడింటికీ గళ్లు గీశారు. ఇంకో రెండు నెలలు ఓపిక పడితే మంచి చిప్ వస్తుందట, ఇవాళ కొన్నది ఆ రోజుకి పాతదైపోతుందట. రెండు నెలలు గడిచాక ఆ మంచిదానికీ ఇంకో మంచిది తయారవుతుంది. అలలు తగ్గాక స్నానం చేద్దామని సముద్రం ఒడ్డున కూర్చున్నట్టుంది మా వ్యవహారం. అమ్మాయి ఆయనకి ‘ఆగుదాం నాన్న’ అని పేరు పెట్టింది. అది ఇవాళే కొనెయ్యమంటుంది. నేను రాసేది పుస్తకమేగాని రాకెట్ కాదు కాబట్టి ఏదైనా సరిపోతుందట. అది నిజమే, అందుకే నాకు కోపం వచ్చింది.

నేను ఎవరు చివర మాట్లాడితే వాళ్ల పక్షం. కాఫీ వేళకి ఆయన పక్షం, భోజనాల వేళకి దాని పక్షం. ఈలోగా అమ్మ మీద నేను రాస్తున్న పుస్తకానికి, అదే, అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల పుస్తకానికి, గడువు రెండుసార్లు జరిగింది. మూడోసారి జరపనని ప్రచురణకర్త చెప్పేసింది. నెలాఖరుకి సగమైనా చేతికివ్వకపోతే నాదాని బదులు వేరే పుస్తకం వేసుకుంటుందట. సగం అయిపోయిందని చెప్పాను.

కొననా, ఆగనా? ఒక్క ముక్కలో రాయి. వద్దులే, రెండు వైపులా ఆలోచించే రాయి.

నీ నసపిట్ట


అక్కా,

ఒక్క ముక్కలో రాయమన్నందుకు నిజంగానే ఒక్క ముక్క రాశావు. “కొను.” మిగతా కాగితమంతా మోకాలి గురించే.

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నమే కంప్యూటర్ పోయింది. ఒక చిన్న శబ్దం చేసి, తెర నల్లబడి ఊరుకుంది. అందులో ఉన్నది తప్ప పుస్తకానికి ఇంకో నకలు లేదు. ఎందుకు లేదంటే, పాతదాన్లోంచి తీసి ఎక్కడెక్కడో పెట్టడం దండగని, కొత్తది కొన్నాక అన్నీ ఒకేసారి దాంట్లోకి ఎక్కిద్దామని ఆయన అన్నారు, నేను తలూపాను. ఆ కొత్తది వచ్చింది లేదు.

ఇంట్లో అందరూ నన్ను ఊరడించారు. ఆరు నెలల కష్టం పాపం, అని అమ్మాయి నా భుజం నిమిరింది. ఆయనైతే నేరం చేసినవాడిలా వెళ్లి గోడ మీది చార్టు ఊడదీసి చుట్టేశారు. చెప్పులేసుకుని, “పద, ఇప్పుడే వెళ్లి కొందాం, ఏది నచ్చితే అది” అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నోట ‘ఇప్పుడే’ అన్న మాట నేను వినలేదు.

నేనేమన్నానో తెలుసా?

“ఆగుదాం” అన్నాను.

అమ్మాయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

నీకొక్కదానికే చెబుతున్నాను. తెర నల్లబడగానే నాకు మొదట కలిగింది బాధ కాదు, హాయి. లెక్కల పరీక్ష రోజున కుంభవృష్టి కురిసి బడి మూసేస్తే ఉంటుందే, అలాంటి హాయి. ఆ తర్వాత బాధపడాలని గుర్తొచ్చి బాధపడ్డాను. నలభై ఆరేళ్లొచ్చాయి, ఇంత చదువు చదివాను, సొంత పుస్తకం పోతే సంతోషించడం ఏమిటక్కా? రాయడం ఇష్టం లేదా అంటే ఉంది. అమ్మ గురించి చెప్పడం ఇష్టం లేదా అంటే అదొక్కటే చెప్పాలని ఉంది. మరి దేనికి ఆగుదామన్నాను? కూరలు తరుగుతూ ఇదే ఆలోచించి వేలు తెగ్గోసుకున్నాను. అందుకే అక్షరాలు వంకర.

రేపు రిపేరు షాపుకి తీసుకెళ్తున్నాం. ఫైళ్లు బయటికి రావాలని కోరుకోనా, రాకూడదని కోరుకోనా తెలియడం లేదు.

నసపిట్ట


అక్కా,

ఫైళ్లు వచ్చాయి.

రిపేరు షాపాయన రెండు కళ్లజోళ్లు పెట్టుకుంటాడు, ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. నా డిస్కు తీసి తన కంప్యూటర్‌కి తగిలించి, నుదుటి మీదిది కిందికి దించి, తెర మీద ఉన్నది పైకే చదివాడు. మొదటి అధ్యాయం. మొదటి అధ్యాయం కొత్తది. మొదటి అధ్యాయం చివరిది. మొదటి అధ్యాయం అసలు చివరిది. అసలు చివరిది రెండు. అలా చదువుతూనే ఉన్నాడు.

“అమ్మా, ఇదంతా ఒక పుస్తకమా, నలభై ఒక్క పుస్తకాలా?”

రెండో అధ్యాయం లేదక్కా. ఒక్క పేజీ లేదు. సగం అయిందని అందరికీ చెప్పి, నేనూ నమ్మాను. పక్కన నీ మరిది నిలబడి ఉన్నారు. “చార్టు నేనొక్కడినే గీస్తున్నాననుకున్నాను” అన్నారు. వెక్కిరింపు కాదు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చే దాకా నవ్వొచ్చింది, తర్వాత నవ్వు పోయి నీళ్లే మిగిలాయి.

నలభై ఒకటీ ఒకే చోట ఆగాయి. మీటలు నొక్కితే లైను కలిసే కొత్త యంత్రాలు పెట్టెల్లో ఎక్స్ఛేంజి గుమ్మంలోకి వస్తాయి. అమ్మ చెవి మీది హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెడుతుంది. అంతే. ఆ తర్వాత ఏమైందో నీకూ నాకూ తెలుసు. చేత్తో తీగలు కలిపే ఎక్స్ఛేంజి ఇంకా మిగిలిన ఊరికి బదిలీ అడిగి, మనల్ని వదిలి వెళ్లింది, పదకొండు నెలలు. నాన్న లారీ తోలుతూ వారానికోసారి ఇంట్లో కనబడేవాడు. నాకు తొమ్మిదేళ్లు, నీకు పదిహేను. సాయంత్రమైతే అమ్మ ఎప్పుడొస్తుందని నేను నీ ప్రాణం తీసేదాన్ని. ‘నసపిట్ట’ పేరు అప్పటిదే కదా. నువ్వు జడ వేస్తూ రోజూ ఒకటే జవాబు చెప్పేదానివి. “వచ్చే వారం.”

ఆ ఏడాది నువ్వు బడి మానేశావు. అమ్మ తిరిగొచ్చాక కూడా వెళ్లలేదు. నేను యూనివర్సిటీ దాకా వెళ్లాను. రెండో అధ్యాయం రాస్తే ఇది రాయాలి. రాస్తే నీ కష్టం బజారున పెట్టినట్టు, రాయకపోతే మింగేసినట్టు. ఇన్నేళ్లుగా మనం దీని గురించి ఒక్క మాట అనుకోలేదు. అందుకే మొదటి అధ్యాయానికే మెరుగులు పెడుతూ కూర్చున్నానేమో. ఇదీ నిజమో కాదో నాకు గట్టిగా తెలియదు.

షాపాయన కొత్త డిస్కు వేస్తానన్నాడు. రాతకి ఇంకో రెండేళ్లు ఢోకా లేదట. కొనడమూ కాదు, ఆగడమూ కాదు, మా ఇంటికి సరిపోయిన తీర్మానం. ప్రచురణకర్తకి ఉన్న నిజం చెప్పాను. ఆమె నవ్వలేదు. నెలాఖరుకి రెండో అధ్యాయం పంపితే అప్పుడు ఆలోచిస్తానంది.

కంప్యూటర్ షాపులోనే ఉంది కాబట్టి నీ మరిది చార్టు తిరగేసి, వెనక వైపు పెన్నుతో రాశాను. రెండు రోజుల్లో అయిపోయింది. ఈ ఉత్తరంతో పాటు మడిచి పంపుతున్నాను. నకలు తీయలేదు, కావాలనే. వద్దనిపిస్తే చింపెయ్యి. ఫరవాలేదనిపిస్తే తిప్పి పంపు.

నసపిట్ట


నసపిట్టకి,

ఇంత పెద్ద కాగితం మంచం మీద పరిచి మోకాళ్ల మీద కూర్చుని చదివాను. నొప్పి మళ్లీ మొదటికొచ్చింది, పాపం నీదే.

మూడు తప్పులున్నాయి. అమ్మ చీర నీలం కాదు, బూడిద రంగు. మన ఇంటికి మెట్లు ఐదు కాదు, నాలుగు. మూడోది, నేను నీ కోసం బడి మానేశానని రాశావు. అది కొట్టేశాను. లెక్కల మాస్టారంటే నాకు చచ్చేంత భయం. అమ్మ వెళ్లగానే బడికి వెళ్లక్కర్లేని సాకు దొరికింది కదా అని లోపల్లోపల ఎగిరి గంతేశాను. నీ కంప్యూటర్ పోయినప్పుడు నీకు హాయిగా ఉందన్నావే, సరిగ్గా అదే. అమ్మ లేదని ఏడవాల్సిన పిల్లని సంతోషించానే అని ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే నీ ఇష్టం.

అమ్మ వస్తుందో రాదో అప్పుడు నాకూ తెలియదు. వస్తుందని రోజూ నీకు చెబుతుంటే నాకూ కాస్త నమ్మకంగా ఉండేది.

కాగితం తిప్పి పంపుతున్నాను. అంచున నా మాటలు పెన్సిల్‌తో రాశాను, కావాలంటే వాడుకో. ఇటువైపు చార్టులో అడుగున రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. మూడో అధ్యాయం మొదలుపెట్టడానికి చాలు. ఎప్పుడు పంపుతావు?

వచ్చే వారం అని మాత్రం చెప్పకు.

అక్క