మధ్యాహ్నపు గాలి

విశాఖపట్నం
జూన్, 1978

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఆఖరి రోజున గౌరీశ్వరి కాస్త గంజి తాగింది. మధ్యాహ్నం, ఆ గాలి ఎందుకొస్తుందో నేను చెప్పబోతుంటే, "గాలొచ్చే వేళయింది. పాఠం తర్వాత చెబుదురు గాని, ముందు కిటికీ తియ్యండి" అంది. తీశాను. సముద్రపు గాలి ముఖానికి తగిలాక కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

పాపను మీ దగ్గరికి పెందుర్తి పంపమని రాశారు. అది రోజూ మధ్యాహ్నం ఆ కిటికీ దగ్గరే కూర్చుంటోంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుందనీ, వేడిగాలి పైకి లేస్తే సముద్రం మీది చల్లగాలి ఆ చోటుకు వస్తుందనీ చెప్పాను.

"అమ్మ లేకపోయినా వత్తాదా నాన్నా?" అంది.

వస్తుందన్నాను. అప్పుడు అన్నం తింది.

దాన్ని పంపలేను, మన్నించండి. మీరే వచ్చి మాతో ఉండండి. రేపు ఉదయం పాపను ఇక్కడి బడిలో చేర్పిస్తాను.

మీ అల్లుడు