మన ఊరు మళ్ళీ మేయోలో కలిసింది

ఏవండీ,

మీరు పోయిన ఈ రెండేళ్ళలో మీకు ఒక్క అక్షరం రాయలేదు. ఈరోజు పక్కింటి ఐరిష్ ముసలమ్మ మోరా మన గుమ్మంలో నిలబడి మీ కోసం ఏడ్చింది, అందుకని రాస్తున్నాను.

మన ఊరు మళ్ళీ మేయో నియోజకవర్గంలో కలిసింది. ఇన్నాళ్ళూ మేయో కౌంటీలో ఉంటూ గాల్వే వెస్ట్‌లో ఓటు వేశాం కదా, ఆ హద్దు తీసేశారు. "డేవిడ్ ఉంటే ఎంత సంబరపడేవాడో" అంది మోరా. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను ఒక్కసారీ పలకని పేరది.

ఆదివారం ప్రార్థన అయ్యాక మీరు ఆమె వంటింట్లోనే కూర్చునేవారు. మేయో ఒకప్పుడు తూర్పు, పడమర అని రెండుగా ఉండేదని, తర్వాత ఒకటయిందని, ఆపైన మన వైపు కోసి గాల్వేకు ఇచ్చారని ఆమె చెబుతుంటే మ్యాపు మీద పెన్సిల్‌తో గీసుకునేవారు. ఇంటికొచ్చి నన్ను అడిగేది మాత్రం, "కూరేంటి?" అని.

"నీకు ఇవన్నీ పట్టవని డేవిడ్ అనేవాడులే. ఆ మ్యాపు నాకిచ్చెయ్, తల్లీ. కొత్త హద్దు గీస్తాను" అంది.

"ఎక్కడ పెట్టారో తెలియదు" అన్నాను.

అది నా బైబిల్లోనే ఉంది. అబద్ధమాడినందుకు ప్రభువును క్షమాపణ అడిగాను. మ్యాపు మాత్రం ఇవ్వను. మధ్యాహ్నం ఆ పాత హద్దును నేనే చెరిపాను, మీ మిగతా గీతలకు రబ్బరు తగలకుండా.

ఈ ఉత్తరం, ఆ మ్యాపు మీ దగ్గరే ఉంచుకోండి. మోరాకు ఎనభై దాటాయి, ఏదో ఒకరోజు అక్కడికి వస్తుంది. ఆమెకు మాత్రం చూపించకండి.