రాగి తూటాలు టేబుల్ మీదున్నాయి

నాన్నా,

మిర్రెన్‌ని మళ్ళీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పొద్దున్న పాపం కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడలేకపోయింది. నిన్నటి ఎక్స్‌రేలో పొట్టనిండా సీసం తునకలేనట.

ఇవాళ జింక కోసం కొండెక్కేటప్పుడు సీసం తూటాలు ముట్టుకోకు. రాగివి టేబుల్ మీద పెట్టాను, అవి సీసంలా జింక ఒంట్లో తునకలుగా చిట్లిపోవు. ముందు అట్టముక్క మీద కాల్చి గురి సరిచూసుకో. మరీ దూరం నుంచి కాల్చకు.

"రాగిది కూడా ఒక తూటాయేనా?" అని ఎంత వెక్కిరించావు! జింకని కోసినప్పుడల్లా తూటా గాయం చుట్టూ మాంసం తీసి మిర్రెన్‌కి ముద్దుగా పెట్టావు. ఈ లోయలో అందరూ చేసేదే, తెలుసు.

బార్లీ సూప్ ఉంది, వేడి చేసుకుని తాగు.

ఇష్‌బెల్

నేనొచ్చాక కారు వెనకసీటు ఖాళీగా ఉంటే, ఏమీ అడక్కు.