నీలం పొట్ట తెల్లపెట్ట

మంగళవారం

ప్రియమైన వదినా,

నీ తెల్లపెట్ట పొదుగుకొచ్చి బట్టముక్కల బుట్టలో కూర్చుందని రాశావు కదా, దాన్ని లేపకు. ఇవాళే పోస్టులో పన్నెండు గుడ్లు పంపించాను. ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి, రంపపు పొట్టు పోసి, పెట్టె మీద మూడు వైపులా "మెల్లగా" అని రాశాను. పోస్టాఫీసు గుమాస్తా దాన్ని ఊపి చూడబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

అందగానే పెట్ట కింద పెట్టెయ్యకు. సన్నటి కొన కిందికి ఉండేలా ఒకరోజు కదపకుండా ఉంచు. ఇదంతా చీటీ మీద రాసి పెట్టెలోనూ పెట్టాను. ప్రతి గుడ్డు మీదా నీలం పెన్సిల్‌తో చిన్న పిట్ట బొమ్మ గీశాను. అందరూ నన్ను పిట్ట అనేగా పిలిచేది, నా వ్యాపారానికి అదే గుర్తు!

నవ్వకు గానీ, నాకు భయంగా ఉంది వదినా. దారం మిల్లులో పని మానేసి ఈ కోళ్ళు పెట్టుకున్నాను. పోస్టులో వెళ్ళిన గుడ్లు పిల్లలవుతాయని తేలితేనే నలుగురికీ అమ్మగలను. మొదటి పెట్టె నీదే. ఏం జరిగినా నిజమే రాయి.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ పిట్ట

*

శుక్రవారం

ప్రియమైన పిట్టకి,

పెట్టె పోయిన బుధవారమే అందింది. నేను కుట్టిన యూనిఫారాలు స్కూల్లో ఇచ్చి రావడానికి వెళ్తే, మీ అన్నయ్యే సంతకం పెట్టి తీసుకున్నారట. నేనొచ్చేసరికి పన్నెండూ సన్నటి కొన కిందికి పెట్టి వరసగా ఉంచారు. ఎంతైనా గడియారాలు బాగుచేసే చెయ్యి అని మురిసిపోయాను. మర్నాడు పెట్ట కింద పెట్టాను. అది నన్ను రెండుసార్లు పొడిచింది. ఇప్పుడు నా కుట్టుమిషను దగ్గరికి నేను వెళ్ళాలన్నా దాన్ని బతిమాలుకోవాలి.

అన్నట్టు, నీ పిట్టలు ఆరు అచ్చం బూట్లలా ఉన్నాయి. మిగతా ఆరూ మాత్రం ఇప్పుడే ఎగిరిపోతాయా అన్నంత ముచ్చటగా ఉన్నాయి. సగంలో చెయ్యి తిరిగిందా ఏంటి?

ఇక అసలు మాట. ఎలా రాయాలో తెలీక ఇందాకటి నుంచి కలం పట్టుకుని కూర్చున్నాను. గుడ్లు పెట్ట కింద పెట్టి నిన్నటికి ఏడు రోజులు. గది చీకటి చేసి, గుడ్లన్నీ టార్చి వెలుతురులో చూశాను. ఆరింట్లో పిల్ల కట్టినట్టు సన్నటి ఎర్ర నరాలు కనిపించాయి. ఆరు ఖాళీ. నా కళ్ళ పొరపాటేమో చూడమంటే, మీ అన్నయ్య "కొన్ని అలాగే ఉంటాయిలే" అంటూ జారుకున్నారు. తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు, అన్నీ దాని కిందే ఉంచాను.

నిజం రాయమన్నావు కాబట్టి రాశాను. బెంగపెట్టుకోకు. ఇంకో వింత చెప్పనా, మీ అన్నయ్య వారం నుంచి అడక్కుండానే గిన్నెలు తోముతున్నారు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగాను కూడా.

మీ వదిన

*

బుధవారం

ప్రియమైన వదినా,

ఉత్తరం చదవగానే గుండె జారిపోయింది. సగానికి సగం! తప్పు నా పుంజుదో, పెట్టె కట్టిన నా చేతులదో తెలీదు. ఒక టీచరమ్మ రెండు పెట్టెలు కావాలని అడిగింది. ఇప్పుడు కాదులెండి అని పంపేశాను. తెలిసి తెలిసి ఖాళీ గుడ్లు ఎలా అమ్మను?

మా ఆయన ఇంకోసారి చూద్దామంటున్నాడు. నాకే ధైర్యం చాలట్లేదు. మిల్లులో నా చోటు ఇంకా ఖాళీగానే ఉందట. చికెన్ కొట్టతను వచ్చేవారం శనివారం బోనులు తెస్తానన్నాడు. ముప్ఫై పెట్టలూ, మా దొర పుంజూ. దానికి దొర అని ముద్దుగా పేరు పెట్టింది నేనే. ఇప్పుడు దాని మొహం చూడలేక తలుపు సందులోంచి గింజలు విసురుతున్నాను.

నువ్వు మాత్రం నీ ఆరు పిల్లల్నీ బాగా చూసుకో.

నీ పిట్ట

*

శుక్రవారం పొద్దున

ఒసేయ్ పిట్టా,

పోస్టులో వేస్తే ఇది రేపటికి అందుతుందన్న నమ్మకం లేదు, అందుకే మనిషితో పంపుతున్నాను. ముందు ఆ బోనులతన్ని రావద్దని చెప్పు, తర్వాత చదువు. చదివేదాకా ఇది తెచ్చిన మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వకు.

ఆరుకి ఆరూ పిల్లలయ్యాయి! నిన్న సాయంత్రం పెట్ట లేచి నిలబడితే చూసి నోరెళ్ళబెట్టాను. తెల్లటి పొట్టంతా నీలం! దెబ్బ తగిలిందేమో అని తడిమితే వేళ్ళకి అంటింది. పాతికేళ్ళుగా బట్టల మీద గీతలు గీస్తున్నదాన్ని, నా సుద్ద నాకు తెలీదూ? బుట్టలో చూస్తే, పిల్లలు బయటికొచ్చిన పెంకుల మీద నీ బూట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పగలని ఆరింటి మీదా బొమ్మే లేదు.

పెట్టని చంకలో పెట్టుకుని మీ అన్నయ్య దగ్గరికెళ్ళి "ఇదేంటండీ?" అన్నాను. తేలు కుట్టిన దొంగలా చూసి, అంతా కక్కేశారు. చెల్లెలు గుడ్లు పంపిందని సంబరపడి, పక్క కొట్టు రేడియో మెకానిక్‌ని పిలిచి, ఇద్దరూ ఆరు గుడ్ల ఆమ్లెట్ తిన్నారట! ఏడోది తియ్యబోతే అడుగున నీ చీటీ కనిపించిందట. పరుగెత్తుకెళ్ళి కిరాణా కొట్టు నుంచి ఆరు గుడ్లు తెచ్చి, నా సుద్దని సూదిలా చెక్కి, భూతద్దం పెట్టుకుని ఆరు పిట్టలు గీశారు. పుంజు మొహమే ఎరగని ఫారం కోళ్ళ గుడ్లు, అవెక్కడ పిల్లలవుతాయే!

చెల్లెలు కోళ్ళన్నీ అమ్మేస్తుంటే నోరు విప్పలేదేం అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. బెంగపడతారని నీ ఉత్తరం నేనే ఆయనకి చూపించలేదు. వినీ వినగానే చొక్కా వేసుకుని బస్టాండుకి బయల్దేరబోతే, పొద్దున దాకా ఆపి ఈ ఉత్తరం చేతిలో పెట్టాను.

నీ గుడ్లలో తప్పు లేదు, నీ పుంజులో లేదు, నీ చేతుల్లో లేదు. పెట్ట కిందికి చేరిన నీ గుడ్లు అన్నీ పిల్లలయ్యాయి. నల్లపెట్ట కూడా పొదుగుకొచ్చింది, ఇంకో పన్నెండు పంపు.

ఉత్తరం తెచ్చినవాడే దొంగ.

మీ వదిన

*

ఆదివారం

ప్రియమైన వదినా,

ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య గుమ్మంలోంచే ఉత్తరం చాపి, "ముందు చదువు" అని పెరట్లోకి పారిపోయాడు. చదువుతూ ఏడ్చేశాను, చివరికొచ్చేసరికి నవ్వాపుకోలేకపోయాను. నా చేతుల్లో తప్పు లేదన్న ముక్క మాత్రం నాలుగుసార్లు చదువుకున్నాను.

బోనులతను ఖాళీ బోనులతోనే గొణుక్కుంటూ వెళ్ళాడు. దొర గోడెక్కి కూసి మరీ సాగనంపింది. టీచరమ్మ పెట్టెలు రేపు వెళ్తాయి.

అన్నయ్యని ఇంక తిట్టకు. చీటీ అడుగున పెట్టింది నేనేగా. రెండ్రోజులుగా కోళ్ళ గూడు తనే కడుగుతున్నాడు. ఆమ్లెట్ ఎలా ఉందన్నయ్యా అంటే, సిగ్గులేకుండా "అంత రుచి నా జన్మలో చూళ్ళేదే" అన్నాడు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

నీ పన్నెండు గుడ్లూ తనతోనే పంపుతున్నాను, దారంతా ఒళ్ళో పెట్టుకుని తేవాలని చెప్పాను. ఈసారి చీటీ అన్నిటికన్నా పైన పెట్టాను. అదీ చాలదని ప్రతి గుడ్డు మీదా "అన్నయ్యా, తినకు" అని ఇంకుతో రాశాను.

పిట్టలు మాత్రం నేను గీయలేదు. ఇకమీదట నా గుడ్లన్నిటి మీదా అన్నయ్యే గీస్తాడట. చూడు వదినా, ఒక్కటి కూడా బూటులా లేదు.

నీ పిట్ట