వేపమొక్కకు పసుపు

తిరుపతి, ఏప్రిల్ 1983, మంగళవారం

మునిసిపాలిటీ వాళ్లు మా వీధిలో నాటిన మొక్కల్లో మిగిలింది ఎదురు లాడ్జి ముందున్న వేప ఒక్కటే. అది పెరిగితే బోర్డు కనబడదని, పెరికేస్తానని లాడ్జి యజమాని నిన్న కూడా అన్నాడు. పొద్దున అమ్మ వెళ్లి ఆ మొక్కకు పసుపు రాసి కుంకుమ పెట్టి వచ్చింది.

"ఇంక యెట్ట పెరుకుతాడో సూస్తా" అంది.

నిజంగానే ఆయన బయటికొచ్చి, పసుపు చూసి చెంపలు వేసుకొని లోపలికి పోయాడు! నాకు నవ్వు ఆగలేదు. వర్ధమాన దేశాల్లో పచ్చని నగరాలు ఎలా పెంచాలో వ్యాసం రాసుకు రమ్మన్నారు కాలేజీలో. జవాబు అక్షరం రాని మా అమ్మ దగ్గరే ఉందనుకున్నాను.

సాయంత్రానికి మొక్క ఆకులు వాలిపోయాయి. రోజూ దానికి నీళ్లు పోసేది వీధి ఊడ్చే మునెమ్మ. ఇవాళ బిందెతో దూరంగా నిలబడింది.

"ఏమక్కా, నీళ్లు పొయ్యలేదే?"

"నిన్నటిదాకా అది చెట్టు పాపా. ఈ పొద్దు అమ్మవారు అయిపోయింది. నేను దగ్గరికి పోతే మీ వీధోళ్లు ఊరుకుంటారా?"

బిందె అందుకొని నేనే పోశాను. కానీ నేను కాలేజీకి పోయే రోజుల్లో ఎవరు పోస్తారు? పసుపు కడిగేస్తే లాడ్జి యజమాని పెరికేస్తాడు, ఉంచితే మునెమ్మ రాదు. మిగతా ఊళ్లలో ఇలాంటివి ఎలా తేల్చుకుంటారో!

పసుపు పెట్టిన అమ్మే పిలిస్తే మునెమ్మ వస్తుందేమో. పిలవమని అమ్మను అడగాలంటేనే భయంగా ఉంది.