దుప్పటి కప్పని తీగ

ఏమయ్యా, నీ దగ్గు తగ్గిందా? అక్కడ మా అమ్మకు చూపు వచ్చిందా? నీకంటే ముందే పోయిన మన పెద్దోడు చిక్కిపోలేదు గదా? నేను బాగుండా, మోకాళ్ళే నొప్పి.

ఈ జెబెల్ అఖ్దర్ కొండమీద, మనకు జీతమిచ్చే అర్బాబు తోటలో నువ్వు నాటిన ద్రాక్షతీగ ఈ ఏడు కాసింది. మంచు కురిసే దేశపు తీగ, ఇక్కడ ఎవరి దగ్గరా లేదంటివే, అదే. ప్రతి చలికాలం నేను దానికి దుప్పటి కప్పేదాన్ని. నువ్వు తీసేసి, "పిచ్చిదానా, అది నీ మాదిరి కడప నుంచి రాలేదే! చలి తగిలితేనే కాస్తుంది" అని నవ్వేవాడివి. ఈసారి తీసేవాళ్ళు లేరు గదా, అందుకే కప్పలేదు. ఎండిపోతుందేమోనని రోజూ పోయి తడిమి చూసినా. ఆ దుప్పటి నేనే కప్పుకున్నా.

నువ్వు మాటిచ్చినట్టే పండ్లన్నీ మస్కట్‌లో మన చర్చికి పంపించినా. పాస్టరమ్మ వాటిని పిండి, రసం జాడీలో పులియబెట్టింది. శుక్రవారం ఆరాధనలో ప్రభువు బల్లకు ఆ ద్రాక్షారసమే పోస్తారంట. పులుపెక్కువైతే జనం ఏమంటారోనని ఒకటే దిగులు.

కారు కొండ దిగుతుంటే నాకు గుండె జారిపోతుంది, అయినా వస్తా. ముందు చర్చికి, ఆనక నీ సమాధి కాడికి. వచ్చే శుక్రవారమే.